చాచిన పాదం

యోహాను సువార్త 13వ అధ్యాయం, 1 నుంచి 17 వరకు వచనాలకు వ్యాఖ్య

ఏటా ఈస్టరుకు ముందు వచ్చే గురువారం సాయంత్రం కథోలిక గుళ్లలో గురువు పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుముకు తువాలు చుట్టుకుని, వరసగా కూర్చున్న పన్నెండు మంది ముందు మోకాళ్లూనుతాడు. అడ్వెంటిస్టు సంఘాల్లో ప్రభు భోజనానికి ముందు విశ్వాసులు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. చాలా ప్రొటెస్టంటు సంఘాల్లో ఈ ఆచారం లేదు. ఆ రోజు ఈ వాక్యభాగం చదువుతారు, దాని మీద ప్రసంగం ఉంటుంది, ప్రసంగమంతా వినయం గురించే సాగుతుంది. ఇందులో వినయం ఉంది, కాదనను. కానీ వినయమే దీని అర్థమంతా అనుకుంటే సగం చదివి పుస్తకం మూసేసినట్టే. కడిగేవాడి గురించి ఎంత చెబుతుందో, కడిగించుకునేవాడి గురించీ ఈ భాగం అంతే చెబుతుంది. నా మట్టుకు నాకు రెండోదే కష్టమైన పాఠంగా తోస్తుంది.

భోజనం

మత్తయి, మార్కు, లూకా ఆ చివరి రాత్రి గురించి రాసినప్పుడు రొట్టె విరవడం, గిన్నె అందించడం చెబుతారు. యోహాను ఆ రెంటి ఊసే ఎత్తడు. అవి ఉండవలసిన చోట కాళ్లు కడగడాన్ని పెడతాడు. మిగతా ముగ్గురూ దీన్ని ప్రస్తావించరు. అంటే యోహాను దృష్టిలో ఇది భోజనానికి ముందో వెనకో జరిగిన చిన్న మర్యాద కాదు, ఆ రాత్రికి అదే గుండెకాయ.

కడిగిన వేళ కూడా గమనించాలి. దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కునేది గుమ్మంలో, విస్తరి ముందు కూర్చోక మునుపు. ఆదికాండంలో అబ్రాహాము మమ్రే దగ్గర తన ముంగిటికి వచ్చిన ముగ్గురికి ముందుగా ఇస్తానన్నది కాసిని నీళ్లే. లూకా సువార్తలో పరిసయ్యుడైన సీమోను యేసును భోజనానికి పిలిచి ఆ నీళ్లు కూడా ఇవ్వలేదు, యేసు ఆ లోటును అందరి ముందూ ఎత్తి చూపాడు. ఇక్కడ మాత్రం భోజనం నడుస్తుండగా లేచాడు. గుమ్మంలో ఎవరో మరిచిపోయిన మర్యాదను సరిదిద్దడానికే అయితే ఇంతసేపు ఆగనక్కర్లేదు. తింటున్నవాళ్లందరూ చేతులు ఆపి చూడాలనే లేచాడు.

పైవస్త్రం

ఆయన పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు, పని అయ్యాక మళ్లీ తీసుకుని వేసుకున్నాడు. గ్రీకు మూలంలో ఈ పెట్టడానికీ తీసుకోవడానికీ వాడిన క్రియలే, మూడు అధ్యాయాల వెనక, మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెట్టి మళ్లీ తీసుకునే చోట కూడా ఉన్నాయి. యోహాను ఆషామాషీగా రాసే మనిషి కాదు. మర్నాటి సిలువను ఈ బట్టలు తీసి వేసుకోవడంలోనే చూపిస్తున్నాడని వ్యాఖ్యాతలు చాలామంది అనుకున్నారు. నేనూ వాళ్ల పక్షమే. సిలువ నుంచి విడదీస్తే ఇది మంచి నడవడి పాఠంగా మిగులుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

తువాలు, పళ్లెం

నీళ్లు ఇవ్వడం ఆతిథ్యం. ఆ నీళ్లతో అవతలి మనిషి కాళ్లు పట్టుకుని కడగడం బానిస పని. నిర్గమకాండానికి యూదు రబ్బీలు చేసిన ప్రాచీన వ్యాఖ్యానం మెఖిల్తా, హెబ్రీ బానిసచేత యజమాని కాళ్లు కడిగించకూడదంటుంది. సాటి ఇశ్రాయేలీయుడికి ఆ పని చెప్పడం అవమానం అనుకున్నారన్నమాట. శిష్యుడు గురువుకు బానిస చేసే సేవలన్నీ చేయవచ్చు గాని, చెప్పుల వారు విప్పడం మాత్రం కూడదని తల్మూదులో మరో కట్టడి ఉంది. బాప్తిస్మమిచ్చే యోహాను, తన వెనక వచ్చేవాడి చెప్పుల వారు విప్పడానికైనా తాను తగనన్నది ఆ నేపథ్యంలోనే. హెబ్రీ బానిసకే మినహాయింపు ఇచ్చిన పనిని ఆ రాత్రి గురువు చేశాడు.

నాలుగో శతాబ్దపు క్రిసోస్తోము తన ప్రసంగంలో ఒక్కో కదలికనూ విడిగా పట్టి చూపిస్తాడు. లేచినవాడు ఆయనే, బట్ట తీసినవాడూ ఆయనే, తువాలు కట్టుకున్నది, నీళ్లు పోసుకున్నది, కడిగింది, తుడిచింది ఆయనే. ఒక్క పనీ పక్కవాడికి పురమాయించలేదు.

తెలుగువాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు, అదే చిక్కు. పెళ్లి పందిట్లో పిల్ల తండ్రి పళ్లెంలో అల్లుడి కాళ్లు పెట్టించి, తల్లి చెంబుతో నీళ్లు పోస్తుంటే కడుగుతాడు. కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవడం అంటే మనకు భక్తికి పరాకాష్ఠ. శిష్యుడు గురువుకు, మామ అల్లుడికి, భక్తుడు స్వామీజీకి: మన దగ్గర కాళ్లు కడిగే చెయ్యి ఎప్పుడూ కిందిది, కడిగించుకునే కాలు పైది. యోహాను రాసిన దృశ్యంలో సామగ్రి అంతా అదే, పళ్లెం, నీళ్లు, తువాలు. చేయి మాత్రం పైవాడిది. పైగా తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని ఎరిగి ఈ పనికి దిగాడని మూడో వచనం చెబుతుంది. లోకమంతా చేతికొచ్చిన మనిషి ఆ చేతులతో పట్టుకున్నది ఓ జాలరి మడమ.

తుడవడం

ఈ ఒక్క మాట కోసం ఒక అధ్యాయం వెనక్కి వెళ్లాలి. పస్కాకు ఆరు రోజుల ముందు బేతనియలో భోజనం జరుగుతుండగా మరియ ఖరీదైన జటామాంసి అత్తరు తెచ్చి యేసు పాదాలకు పూసి, తన తలవెంట్రుకలతో తుడిచింది. ఇల్లంతా ఆ వాసన నిండింది. అంత అత్తరు మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వకూడదా అని ఇస్కరియోతు యూదా అడిగాడు. ఒక దేనారం కూలివాడి రోజు కూలి, అంటే దాదాపు ఏడాది సంపాదన. యేసు ఆమెను ఆపలేదు, ఆపబోయినవాణ్ని ఆపాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, శిష్యుల పాదాలు తుడవక ముందే యేసు తన పాదాలు ఒక స్త్రీకి అప్పగించి కూర్చున్నాడు. మొహమాటపడలేదు, కాళ్లు వెనక్కి తీసుకోలేదు, లెక్కలు అడగలేదు. పుచ్చుకోవడం ముందు నేర్చి చూపించాడు, ఇవ్వడం తరవాత. పేతురు కూడా బేతనియలో అక్కడే ఉండి ఉంటాడు. చూసినదాని నుంచి నేర్చుకున్నట్టు మాత్రం కనబడదు.

పేతురు

తన కాళ్లు ఎన్నటికీ కడగనివ్వనంటాడు. పైకి ఇది భక్తే. గురువు మీద గౌరవం లేనివాడైతే హాయిగా కాలు చాపేవాడు. కానీ ఈ నిరాకరణలో ఇంకోటి దాగి ఉంది. పేతురుకు లోకం ఒక నిచ్చెన. పై మెట్టు మీద ప్రభువు, దాని కింద మెట్టు మీద తాను. ప్రభువే దిగి కింద కూర్చుంటే, ఆయన్ని నమ్ముకున్న తాను ఎక్కడ కూర్చోవాలి? ఆయన అక్కడ ఉండకూడదని పేతురు పట్టుబట్టడంలో, తానూ అక్కడికి దిగాల్సి వస్తుందేమోనన్న జంకు ఉంది. సేవ చేయించుకోనని భీష్మించుకునే మనిషి చాలాసార్లు తన మెట్టును కాపాడుకుంటూ ఉంటాడు.

యేసు ఒక్క మాటతో దారికి తెస్తే, పేతురు అవతలి కొసకు దూకుతాడు. కాళ్లే కాదు, చేతులూ తలా కూడా కడగమంటాడు. మొదట వద్దన్నదీ తానే, ఇప్పుడు ఎంత కావాలో చెప్పేదీ తానే. ఉన్నదున్నట్టు పుచ్చుకోవడం రెండుసార్లూ చేతకాలేదు.

ఆంగ్ల చిత్రకారుడు ఫోర్డ్ మాడాక్స్ బ్రౌన్ 1850ల్లో వేసిన బొమ్మ లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. కిందనుంచి చూస్తున్నట్టు గీసిన ఆ బొమ్మలో యేసు వంగి పేతురు పాదాన్ని తువాలుతో ఒత్తుతుంటాడు. పేతురు ముసలివాడు, గడ్డం గుండెకు ఆనించి, మొహం ముడుచుకుని కిందికి చూస్తుంటాడు. ఆ మొహంలో ఆనందం లేదు, ఆశీర్వాదం పొందుతున్న కళ అసలే లేదు. ఓర్చుకుంటున్న మనిషి మొహం అది. మొదట యేసును ఒంటిమీద అరకొర బట్టలతో వేస్తే జనం భగ్గుమన్నారు, ఏళ్ల తరబడి బొమ్మ అమ్ముడుపోలేదు, చివరికి చిత్రకారుడే నిండుగా బట్ట తొడిగి మళ్లీ వేశాడు. పేతురు అభ్యంతరమే పద్దెనిమిది వందల ఏళ్ల తరవాత లండన్ జనానికీ వచ్చిందన్నమాట: ప్రభువును ఆ స్థితిలో చూడలేం.

పాలు

కడగనివ్వకపోతే తనతో పాలు ఉండదని యేసు చెప్పిన మాటకు పేతురు హడలిపోయాడు. పాలు అంటే భాగం, వారసత్వంలో వచ్చే వంతు. పొలం పంచుకునే అన్నదమ్ములకు ఈ మాట బరువు చెప్పనక్కర్లేదు. ఇక్కడ వంతు దేని మీద ఆధారపడిందో చూడండి. పేతురు ఏం చేశాడన్నదాని మీద కాదు, తనకు చేస్తున్నదాన్ని ఒప్పుకుంటాడా లేదా అన్నదాని మీద. ప్రసంగాలు ఈ మాట దగ్గర ఆగకుండా పదిహేనో వచనానికి, మాదిరి దగ్గరికి, పరుగెడతాయి. వరస మాత్రం ఇదే: ముందు కడిగించుకోవడం, ఆ తరవాతే కడగమనడం.

స్నానం చేసినవాడు

స్నానం చేసి విందుకు బయల్దేరినవాడికి దారి దుమ్ము అంటేది పాదాలకే, కాబట్టి అవి కడుక్కుంటే చాలు. మాట తేలికే. కానీ ఈ వచనం మీద పెద్ద చర్చే జరిగింది. సీనాయి ప్రతిలో, అంటే నాలుగో శతాబ్దపు చేతిరాత ప్రతుల్లో ముఖ్యమైనదానిలో, పాదాలు తప్ప అన్న ముక్క లేదు. అది లేకుండా చదివితే స్నానమూ కాళ్లు కడగడమూ ఒకటే అవుతాయి, ఉంటే రెండూ వేరు. అగస్టీను వేరుగానే చదివాడు: స్నానం బాప్తిస్మం, పాదాలు మనం రోజూ లోకం మీద మోపి నడిచేవి, కాబట్టి రోజూ మాసేవి.

మిలాను బిషపు అంబ్రోసు మరో అడుగు ముందుకు వేశాడు. అతని గుడిలో బాప్తిస్మం పొంది నీళ్లలోంచి పైకి వచ్చినవాళ్ల పాదాలు కడిగేవారు. రోములో ఈ ఆచారం లేదని అతనికి తెలుసు, తెలిసే సమర్థించుకున్నాడు. ఇది వినయం నేర్పడానికే కాదు, పవిత్రపరచడానికి కూడా అన్నది అతని వాదన. స్పెయిన్‌లో మాత్రం అదే శతాబ్దం మొదట్లో ఎల్వీరా సభ, బాప్తిస్మం పొందినవాళ్ల కాళ్లు యాజకులు కడగకూడదని కట్టడి చేసింది. బాప్తిస్మంలో భాగమని జనం పొరబడతారేమోనని కొన్నిచోట్ల దీన్ని మానుకున్నారని అగస్టీను ఒక ఉత్తరంలో రాశాడు. సంస్కారాల లెక్కలో చేరకుండా, పూర్తిగా పోకుండా ఈ ఆచారం గడప మీదే నిలిచిపోవడానికి మూలం ఆనాటి తర్జనభర్జనల్లోనే ఉంది.

యూదా

పేతురు అభ్యంతరపెట్టాడు. యూదా పెట్టినట్టు ఒక్క మాట లేదు. అందరిలో ఒకడు పవిత్రుడు కాడని యేసు అంటాడు, అయినా ఆ పాదాలూ కడుగుతాడు. యూదా రొట్టెముక్క పుచ్చుకుని చీకట్లోకి వెళ్లిపోయింది ఆ తరవాతే. యేసు యూదా పాదాలే ముందు కడిగి ఆ పిమ్మట పేతురు దగ్గరికి వచ్చాడని క్రిసోస్తోము అనుకున్నాడు. పేతురుతోనే మొదలుపెట్టాడని అగస్టీను. సువార్త ఆ క్రమం చెప్పదు. చెప్పేదల్లా తెలిసే కడిగాడని.

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డు ఉంది, దాన్ని దాటవేయలేను. కడిగించుకోవడమే గొప్ప అయితే యూదా అందరికన్నా సులువుగా కడిగించుకున్నాడు. నిజమే. తుడిచిన పాదాలతోనే అప్పగించడానికి నడిచివెళ్లాడు. కాబట్టి ఊరికే కాలు చాపి కూర్చోవడం పుచ్చుకోవడం కాదు. కిందనున్న ఆ మనిషి తనకు ఏమవుతున్నాడో పేతురుకు తెలిసింది, అందుకే గుండె దడదడలాడింది. యూదాకు అవి నీళ్లే.

ఒకరి పాదాలు ఒకరు

ప్రభువునూ బోధకుణ్నీ అయిన నేను మీ పాదాలు కడిగాను, ఇప్పుడు మీరు నావి కడగండి, అనలేదు యేసు. మీలో మీరు కడుక్కోవాలన్నాడు. బాకీ తీర్చవలసింది పైకి కాదు, పక్కకు. సంఘ చరిత్రలో ఈ చిన్న మాటే అన్నిటికన్నా తరచుగా జారిపోయింది.

బాగా పట్టుకున్నవాడు ఆరో శతాబ్దపు బెనెడిక్టు. అతని మఠ నియమావళిలో వంటింటి పని వారం వంతున మారుతుంది. వంతు అయిపోయినవాడు శనివారం ఇల్లంతా శుభ్రం చేసి, సోదరులు చేతులూ కాళ్లూ తుడుచుకున్న తువాళ్లు ఉతికి, గిన్నెలు లెక్కప్రకారం అప్పజెప్పాలి. తరవాత వెళ్లేవాడూ వచ్చేవాడూ కలిసి అందరి కాళ్లూ కడగాలి. వచ్చే వారం వాళ్ల కాళ్లు ఇంకొకరి చేతుల్లో ఉంటాయి. మాసిన తువాళ్ల దాకా ఆలోచించిన నియమం అది. అతిథులు వస్తే మఠాధిపతితో సహా మఠమంతా వాళ్ల కాళ్లు కడగాలనీ రాశాడు.

694లో టొలేడో సభ, పరిశుద్ధ గురువారం నాడు బిషపులు, యాజకులు తప్పక కాళ్లు కడగాలని ఆజ్ఞాపించింది. అక్కణ్నుంచి ఇది పెద్దలు చిన్నవాళ్లకు చేసేదిగా స్థిరపడింది. ఇంగ్లండు రాజులు బీదల కాళ్లు కడిగి డబ్బులు పంచేవారు. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి రాజు స్వయంగా కడగడం ఆగిపోయింది. డబ్బులు మిగిలాయి. ఇప్పటికీ ఆ గురువారం నాడు, తన వయసు ఎన్నేళ్లో అంతమంది పురుషులకూ అంతమంది స్త్రీలకూ రాజు నాణేలు ఇస్తాడు. ఆచారం ఎటు జారుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు: తాకడం పోతుంది, ఇవ్వడం ఉంటుంది.

మన గుళ్లలో ఆ సాయంత్రం కూర్చునే పన్నెండు మందిని దగ్గరగా చూడండి. ఇంటి దగ్గరే సబ్బుతో రుద్ది కడుక్కుని, మంచి చెప్పులు వేసుకుని వస్తారు. కుర్చీ అంచున బిగుసుకు కూర్చుని ముందుకు చాపేది చాలాచోట్ల కుడికాలు ఒక్కటే. చెంబులోంచి సన్నటి ధార పడుతుంది, గురువు తువాలుతో అద్ది ముద్దు పెట్టుకుంటాడు, అర నిమిషంలో తరవాతి కుర్చీ. కూర్చున్న పెద్దాయన ముఖంలో ఎప్పుడూ అదే మొహమాటం, గురువు చేత కాళ్లు పట్టించుకుంటున్నానే అని. ఆ మొహమాటం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. పేతురు ఎక్కడున్నాడో అతనూ అక్కడే ఉన్నాడు. లోపమల్లా, ఆ పెద్దాయన లేచి పక్కవాడి కాళ్లు కడగకపోవడం. గురువు కాళ్లు ఎవరూ కడగకపోవడం.

ఒకరి పాదాలు ఒకరు అన్న ఆ అక్షరాన్ని వదలనివాళ్లు వేరే దారిలో వచ్చారు. 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రమాణంలో మెనోనైటులు కాళ్లు కడగడానికి ఒక అంశమే కేటాయించారు. మన పాలమూరు ప్రాంతంలో వేళ్లూనిన మెనోనైట్ బ్రదరెన్ సంఘం ఆ వంశంలోనిదే. 1708లో జర్మనీలో పుట్టిన బ్రదరెన్ వర్గం ప్రేమవిందులో కాళ్లు కడగడం, సాదా భోజనం, ప్రభు సంస్కారం ఒకే సాయంత్రం జరుపుతుంది. ఒకరు వరసగా కొందరి కాళ్లు కడుగుతూ పోతే ఇంకొకరు తుడవాలా, లేక ప్రతివాడూ పక్కవాడి కాళ్లు కడిగి తుడిచి, ఆ పైన తానూ కడిగించుకోవాలా అని అమెరికాలో వాళ్లు దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. బయటివాళ్లకు అది పనిలేని గొడవ అనిపించవచ్చు. నాకు మాత్రం సువార్తను వాళ్లంత శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ అనిపిస్తుంది. రెండో పద్ధతిలో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అని వేరువేరుగా ఎవరూ మిగలరు.

తెలుగు నేల మీద పాదాలకు ఇంకో చరిత్ర ఉంది. ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగలు, వాళ్లతో పాటు మాలలు, పెద్దకులాల వీధిలోకి వస్తే ఆ చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవాల్సి వచ్చింది. తెలుగు క్రైస్తవంలో అత్యధికులు ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దపు జెస్యూటు గురువుల కాలం నుంచి క్రైస్తవులైన రెడ్డి, కమ్మ కుటుంబాలూ ఉన్నాయి. ఒకే ప్రభువు, ఒకే సువార్త; శ్మశానాలు మాత్రం వేరుగా ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఆ గురువారం నాడు, కులం చూడకుండా చీటీలు తీసి, ఎవరి పేరు వస్తే వాళ్ల కాళ్లు కడిగి, వాళ్ల చేత కడిగించుకోమంటే ఏమవుతుంది? పెద్దకులంవాడు మాదిగ పాదం పట్టుకోవడం పత్రికకెక్కే వార్త అవుతుంది. అంతకన్నా కష్టమైనది ఆ తరవాతి పని: అదే మాదిగ మనిషి తన కాళ్లు తాకుతుంటే, సేవకుడు చేస్తున్నట్టు కాక సోదరుడు చేస్తున్నట్టు పుచ్చుకోవడం. ఎందుకంటే పుచ్చుకోవడంలో పాత అలవాటు దాక్కోవడం సులువు. ఈ ఆచారాన్ని మళ్లీ పెట్టుకోవాలనుకునే సంఘాలు ముందుగా ఈ రెండో సగాన్ని గురించి మాట్లాడుకోవాలని నా గట్టి కోరిక.

పన్నెండు మంది

1955లో పన్నెండో పయస్ పోపు పరిశుద్ధ వారపు ఆచారాలను సంస్కరించి, అప్పటిదాకా విడిగా జరిగే కాళ్లు కడగడాన్ని గురువారం సాయంత్రపు పూజలోకి తెచ్చాడు. పన్నెండు మంది పురుషులకు కడగాలన్నది నియమం. 2013లో ఫ్రాన్సిస్ పోపు రోములోని కసాల్ దెల్ మార్మో బాలనేరస్థుల జైలుకు వెళ్లి పన్నెండు మంది కాళ్లు కడిగాడు. వాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు, ముస్లిములూ ఉన్నారు. 2016 జనవరి 6 తేదీ వేసిన ఉత్తర్వుతో పురుషులే అన్న నియమం తొలగింది. 2024లో రెబిబ్బియా మహిళా జైలులో, తాను చక్రాల కుర్చీలో కూర్చుని, పన్నెండు మంది స్త్రీల కాళ్లు కడిగాడు.

విధవరాండ్రు

కొత్త నిబంధనలో విశ్వాసులు విశ్వాసుల కాళ్లు కడిగిన ప్రస్తావన ఇంకొక్కచోటే ఉంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, సంఘం జాబితాలో చేర్చుకోవలసిన విధవరాలికి ఉండాల్సిన అర్హతలు చెబుతూ దీన్ని లెక్కపెట్టారు. అరవై ఏళ్లకు తక్కువ ఉండకూడదు, పిల్లల్ని పెంచి ఉండాలి, పరదేశులకు ఆతిథ్యమిచ్చి ఉండాలి, పరిశుద్ధుల పాదాలు కడిగి ఉండాలి, కష్టంలో ఉన్నవాళ్లను ఆదుకుని ఉండాలి. ఆరాధన క్రమం లేదు, గురువారం లేదు, పన్నెండు కుర్చీలు లేవు. బిడ్డల పెంపకానికీ బీదల సాయానికీ మధ్య, ఆడవాళ్లు ఇంట్లో రోజూ చేసే పనుల వరసలో అది ఉంది. 200 ప్రాంతంలో కార్తేజిలో తెర్తుల్లియను, విశ్వాసి అయిన స్త్రీ అవిశ్వాసిని పెళ్లాడితే ఎదురయ్యే చిక్కులు ఏకరువు పెడుతూ, పరిశుద్ధుల కాళ్లకు నీళ్లివ్వడానికి ఏ మొగుడు ఒప్పుకుంటాడని అడిగాడు. ఒకరి పాదాలు ఒకరు కడగాలన్న ఆజ్ఞను తొలినాళ్లలో ఎవరు పాటించారంటే మనకు దొరికే సాక్ష్యం ఈ ఆడవాళ్లదే.